విజ్ఞానయాత్రలో చివరి రోజు

హైదరాబాద్ యాత్రలో చివరి రోజు సాధారణంగా బజారులోనో, రైల్వే స్టేషన్‌లోనో గడిచిపోతుంది. ముందుగా ఆలోచించుకుంటే ఆ రోజే ఎక్కువ నేర్చుకోవచ్చు.

గోల్కొండ ఎక్కి దిగడానికి సగం రోజు పడుతుంది. దాన్ని ముందు రోజే ముగించాలి. చివరి రోజుకు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అనుకూలం. రెండింటి మధ్య నడిచి వెళ్లేంత దూరమే. అయితే మ్యూజియానికి శుక్రవారం సెలవు.

1951లో ప్రారంభమైన ఈ మ్యూజియాన్ని ఒక్క పూటలో మొత్తం చూడలేం. మూడు వస్తువులు మాత్రం వదలవద్దు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ‘మేలిముసుగు రెబెక్కా’ను 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నారు. ముఖంపై పలుచని బట్ట కప్పినట్టుంటుంది కానీ అంతా పాలరాయే. ఒకే కొయ్యలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనుక మార్గరెట్టా ఉన్న బొమ్మ రెండోది. వెనుకవైపు అద్దంలో చూడాలి. మూడోది సంగీత గడియారం. గంటగంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండుకు ముందే చేరితే పన్నెండు దెబ్బలూ వినవచ్చు.

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడని చదువుకున్నాం. రాయి కొట్టినవారు, సున్నం నూరినవారు, బరువులు మోసినవారు ఎవరో ఆ పాఠంలో లేదు. మన ఇళ్లలో చాలామందివి ఆ చేతులే. అందుకే నోటుబుక్కులో రెండు ప్రశ్నలు రాసుకోండి: ఎవరు కట్టించారు? ఎవరు కట్టారు?

ఇంటికెళ్లాక అమ్మానాన్నలకు చూసిందంతా చెప్పండి. రాయి, సున్నం సంగతి వారినే అడగండి. పుస్తకంలో లేని పాఠం అక్కడ దొరుకుతుంది.