బంగారము వెనుకనున్న లెక్క

పెనుగొండలో వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయమునకు పోయిన దినమున, వచ్చిన కుటుంబముల మెడలలో, చేతులలో మెరయుచున్న బంగారమును చూచి మాకొక ప్రశ్న తోచినది. ఈ పసిడి ఎచ్చట పుట్టినది? గనిలోనని చెప్పుదుము. గని దానిని దాచినదే గాని చేయలేదు. భూమి ఏర్పడుటకు పూర్వమే అది ఆకాశములో తయారైనది. ఎట్లు తయారైనదో తెలియవలెనన్న పరమాణువు నడుమనుండు కేంద్రకపు లెక్క తెలియవలెను.

కేంద్రకములో ప్రోటానులు, న్యూట్రానులు ఉండును. ఇవి పెండ్లి భోజనమున బంతులు తీరి కూర్చున్నవారి వంటివి. ఒక్కొక్క బంతికి ఇన్ని విస్తళ్లని లెక్క. బంతి నిండిన కేంద్రకము సులభముగా చెదరదు. 2, 8, 20, 28, 50, 82, 126 అను సంఖ్యల వద్ద బంతులు నిండును. వీనికి మాంత్రిక సంఖ్యలని పేరు. 1949లో అమెరికాలో మరియా గోపెర్ట్ మేయరు, జర్మనీలో యెన్సెన్, ఆయన సహచరులు వేర్వేరుగా దీనికి కారణము చూపిరి. కణము తనచుట్టు తాను తిరుగు గుణమునకును, దాని కక్ష్యకును గల బలమైన సంబంధమే ఆ కారణము. 1963 నోబెల్ బహుమతిలో మేయరు, యెన్సెన్‌లకు భాగము లభించినది.

పెనుగొండవారికి ఈ శాస్త్రము పరాయిది కాదు. పశ్చిమగోదావరి జిల్లాలోనే, భీమవరము సమీపమున గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానంద, న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ వద్ద లివర్‌పూలులో బీటా కిరణములను పరిశోధించిరి. పిదప 1950ల దశకమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో కేంద్రక భౌతికశాస్త్రమునకు పునాది వేసిరి. న్యూట్రాను ప్రోటానుగా మారునపుడు వెలువడునవే బీటా కిరణములు.

బంగారపు కథలో వీని పాత్ర పెద్దది. న్యూట్రాను తారలు ఢీకొనిన చోట కేంద్రకములు వడివడిగా న్యూట్రానులను మ్రింగును. 126 వద్ద బంతి నిండి ఆ వేగము మందగించును. అచ్చట గుమిగూడిన కేంద్రకములు బీటా కిరణములను విడుచుచు కడపట ప్లాటినము, బంగారము వంటి మూలకములై స్థిరపడును. 2017 ఆగస్టు 17న గమనించిన అట్టి తాకిడిలో భారమూలకములు పుట్టిన గుర్తులు కనబడినవి.

ఇక చిక్కు. మాంత్రిక సంఖ్యల పట్టిక స్థిరమైన కేంద్రకములను చూచి కట్టినది. న్యూట్రానులు మితిమీరిన చోట అది తప్పుచున్నది. 12 ప్రోటానులు, 20 న్యూట్రానులు గల మెగ్నీషియము-32 గుండ్రముగా ఉండవలసినది, సాగియున్నది. 8 ప్రోటానులు, 20 న్యూట్రానులు గల ఆక్సిజను-28 మిక్కిలి దృఢము కావలసినది. 2023లో జపానునుండి వెలువడిన ఫలితము ప్రకారము, అది పుట్టిన వెంటనే నాలుగు న్యూట్రానులను విడిచి ఆక్సిజను-24 అగుచున్నది. దానిలోని న్యూట్రానులు 16. అచ్చట మాంత్రికమైనది ఆ సంఖ్యయే.

కారణమేమి? న్యూట్రానుల బంతుల నడుమ ఎడము ప్రోటానుల ఆకర్షణపైనను ఆధారపడును. ప్రోటానులు తగ్గినపుడు ఒక బంతి పైకి జరిగి, 20 వద్ద ఎడము సన్నగిల్లి, 16 వద్ద క్రొత్తది ఏర్పడును. సిద్ధాంతకారులు ఈ ఆకర్షణను, మూడేసి కణముల నడుమ కలుగు బలమును చేర్చి లెక్కలు తిరిగి కట్టుచున్నారు.

బంగారమునకు పూర్వరూపములైన కేంద్రకములలో అనేకము నేటికిని ప్రయోగశాలకు అందలేదు. అచ్చట 126 నిలుచునో, సడలునో ఇప్పటికి లెక్కయే చెప్పవలెను. అది సడలినచో విశ్వములో బంగారమెంత పుట్టవలెనను గణనయే మారును.