నాడి దొరకని మనుషులు

పిల్లలూ, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి చూడండి. కొట్టుకుంటోందా? అదే నాడి. అది చేతికి అందకపోయినా హాయిగా నడుస్తూ, కబుర్లాడుతూ తిరిగేవాళ్లు ఇవాళ లోకంలో వేల మంది ఉన్నారంటే నమ్మండి.

మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల నెత్తురు తోస్తుంది. గుండెపోటు వల్లనో, కండరానికి పట్టిన జబ్బు వల్లనో గుండె కింది ఎడమ గది, అంటే ఎడమ జఠరిక, బాగా నీరసిస్తే నాలుగడుగులకే ఆయాసం, కాళ్లకు నీరు. పడుకుంటే ఊపిరాడదు. మందులు కూడా చేతులెత్తేస్తే గుండె మార్చాలి. మార్చడానికి గుండె దొరకాలి కదా! అందుకని లోపల ఒక పంపు పెడతారు. డాక్టర్లు దాన్ని ఎల్‌వ్యాడ్ అంటారు. ఉన్న గుండెను తీసెయ్యరు. పంపు మూతిని ఎడమ జఠరిక కొసలో అమర్చి, అక్కడి నెత్తుర్ని గొట్టం గుండా బృహద్ధమని అనే పెద్ద రక్తనాళంలోకి మళ్లిస్తారు.

1966లో అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్ మైఖేల్ డిబేకీ ఒకామెకు ఒంటి బయట పంపు తగిలించి పది రోజులు నడిపారు. ఈలోగా ఆమె గుండె తేరుకుంది. ఆ రోజుల పంపులు గుండెలాగే కొట్టుకునేవి. బరువు, చప్పుడు, పైగా తొందరగా అరిగిపోయేవి. 1984లో అదే డిబేకీ చేతిలో గుండె మార్పిడి చేయించుకున్నాడు డేవిడ్ సాసియర్ అనే నాసా ఇంజనీరు. బతికి బయటపడ్డ ఆ మనిషి ఊరుకోలేదు. డాక్టర్లతో కూర్చుని, కొట్టుకోకుండా రెక్కలు తిప్పి నెత్తురు తోసే చిన్న పంపుకు రూపకల్పన మొదలుపెట్టాడు. కానీ రెక్కలు జోరుగా తిరిగితే ఎర్రకణాలు చితికిపోతాయి, నెత్తురు నిలిచినచోట గడ్డకడుతుంది. రాకెట్ ఇంజన్లలో ఇంధనం పారే తీరును లెక్కగట్టే నాసా కంప్యూటర్లతోనే ఈ చిక్కునూ విప్పారు. నాకు ఈ కథంటే ఎంత ఇష్టమో!

ఇప్పుడు వాడే హార్ట్‌మేట్ 3 అనే పంపు కూడా పొలంలో నీళ్ల మోటారులాగా చక్రం తిప్పి తోస్తుంది. అందుకే నాడి సరిగా తెలియదు, స్టెతస్కోపు పెడితే సన్నని హోరు వినిపిస్తుంది. ఆ చక్రానికి ఇరుసు లేదు. అయస్కాంత బలంతో నెత్తుటిలో తేలుతూ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. ఒరిపిడి లేదు కాబట్టి గడ్డల బెడద బాగా తగ్గింది.

పెట్టించుకున్నాక జాగ్రత్తలు తప్పవు. పొట్ట చర్మంలోంచి ఒక తీగ బయటికొస్తుంది. దాని కొసన నడుముకు కంట్రోలరు, రెండు బ్యాటరీలు. రాత్రి ప్లగ్గుకు తగిలించుకుని పడుకోవాలి. తీగ వచ్చేచోట చీము పట్టకుండా కట్టు మారుస్తుండాలి. చెరువులో ఈత కుదరదు. నెత్తురు పలచబడే మందు రోజూ వేసుకోవాలి. ఇంట్లో ఒకరైనా ఇవన్నీ నేర్చుకోవాలి.

ఇంత శ్రమకు ఫలం ఉందా అంటే ఉంది. మందులకు లొంగని స్థితిలో హార్ట్‌మేట్ 3 పెట్టించుకున్నవాళ్లలో సగానికి పైగా ఐదేళ్ల తర్వాత కూడా బతికే ఉన్నారని 2022లో వెలువడిన అధ్యయనం తేల్చింది.