లండన్ కోటకు బీట ఎక్కడుంది?

ఎదుటివారు ఏమాడినా ఒకే అమరికతో ముందుకు సాగే లండన్ సిస్టమ్‌ను ఎలా ఎదుర్కోవాలన్నది నేటి చెస్ ఆటగాళ్ల మధ్య ఎడతెగని చర్చ. ఆ చర్చకు జవాబు సి5 గడిలో ఉంది.

తెల్లపావులు పట్టినవారు మంత్రి ముందున్న బంటును డి4కు నడిపి, రెండో ఎత్తులోనో మూడో ఎత్తులోనో నల్లగడుల శకటును ఎఫ్4లో నిలబెడితే దాన్ని లండన్ సిస్టమ్ అంటారు. ఆ తర్వాత ఈ3, సి3 గడుల్లోకి బంట్లు, డి3లోకి రెండో శకటు, ఎఫ్3, డి2ల్లోకి గుర్రాలు వస్తాయి. క్యాస్లింగ్‌తో రాజు భద్రంగా మూలకు చేరుతాడు. అవతలివారు ఏమాడినా అమరిక దాదాపు ఇదే. సిసిలియన్‌లోనో గ్రూన్‌ఫెల్డ్‌లోనో అయితే ఇరవై ఎత్తుల దాకా కంఠస్థం చేయాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. అందుకే బడి పిల్లల నుంచి, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం టోర్నమెంట్లకు వచ్చే పెద్దల వరకు లక్షలమంది దీన్ని ఇష్టపడుతున్నారు. అంతే సంఖ్యలో నల్లపావుల వైపు కూర్చున్నవారు దీన్ని చూసి విసుక్కుంటున్నారు. ఆ విసుగు ఎదుటివారికి కలిసివస్తుంది. ఇందులో ఆడటానికేమీ లేదనుకుని యాంత్రికంగా పావులు కదిపేవారే, పదిహేనో ఎత్తుకల్లా ఈ5లో పాతుకుపోయిన గుర్రాన్నీ, హెచ్7 వైపు గురిపెట్టిన శకటునూ చూసి ఉలిక్కిపడతారు.

ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే జేమ్స్ మేసన్ శకటును ఇలా ముందుగా బయటికి తెచ్చేవాడు. కాపాబ్లాంకా విజేతగా నిలిచిన 1922 నాటి లండన్ టోర్నమెంట్‌లో దీన్ని పలుమార్లు ఆడటంతో ఆ ఊరి పేరు స్థిరపడింది. తర్వాత చాలా దశాబ్దాలపాటు పెద్ద ఆటగాళ్లు దీన్ని చదువు తప్పించుకునే దారిగా చిన్నచూపు చూశారు. క్రొయేషియా గ్రాండ్‌మాస్టర్ వ్లాట్కో కొవాచెవిచ్ వంటి కొందరే నమ్మకంగా అంటిపెట్టుకున్నారు. గాటా కామ్‌స్కీ దీన్ని శ్రద్ధగా ఆడాడు. 2016లో మాగ్నస్ కార్ల్‌సన్ వైక్ ఆన్ జీలో తొమషెవ్‌స్కీని దీనితోనే ఓడించాడు. 2023లో ప్రపంచ చాంపియన్‌షిప్ వేదిక మీద కూడా ఇది గెలిచాక ఆ చిన్నచూపుకు అర్థం లేకుండా పోయింది. ఇంత చరిత్ర ఉన్న ఆరంభాన్ని నాలుగు ఎత్తుల్లో కూల్చేసే మంత్రం ఏదో ఉంటుందని వెతకడం వృథా. అలాంటిది ఉంటే ఇన్నాళ్లలో ఎవరో ఒకరు కనిపెట్టేవారే.

మరి దీన్ని ఎలా ఎదుర్కోవాలి? ముందు దీని బలం ఎక్కడుందో తేల్చుకోవాలి. మొదటి పది ఎత్తుల్లో ఎదుటివారి గురించి ఆలోచించే పని తప్పించడమే లండన్ ఇచ్చే అసలు లాభం. కాబట్టి తెలుపును మూడో ఎత్తు నుంచే ఆలోచనలో పడేసేది మంచి జవాబు. ఆ పరీక్షకు నిలిచే దారి డి5, సి5 బంట్లతో వెంటనే మధ్యభాగాన్ని ప్రశ్నించడం, సి6కు గుర్రాన్ని తేవడం, అదను దొరికితే మంత్రిని బి6లో నిలపడం.

దీనికి ఆధారం బోర్డు మీదే ఉంది. శకటు సి1లో ఉన్నంతసేపు బి2 బంటుకు కాపలాగా ఉంటుంది. అది ఎఫ్4కు వెళ్లగానే ఆ బంటు ఒంటరి అవుతుంది. లండన్ అమరికలో ఇదే అసలైన బీట. 1.డి4 డి5 2.శకటు ఎఫ్4 సి5 3.ఈ3 గుర్రం సి6 4.సి3 మంత్రి బి6 అనే వరుస చూడండి. బంటును కాపాడటానికి తెలుపు సహజంగా తన మంత్రిని బి3కి తెస్తుంది. నలుపు సి4 అని తోస్తే మంత్రి సి2కు తగ్గాలి. అప్పుడు నలుపు తన శకటును ఎఫ్5లో పెడుతుంది. ఊరికే దొరికింది కదా అని తెల్లమంత్రి ఆ శకటును తింటే, నల్లమంత్రి బి2 బంటును తిని మూలనున్న ఏనుగును పట్టేస్తుంది. బి1లోని సొంత గుర్రమే అడ్డుగా నిలిచి ఆ ఏనుగును కదలనివ్వదు. అందుకే తెలుపు మంత్రిని సి1కు వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. ఏడో ఎత్తుకే నలుపుకు చోటూ ఊపిరీ రెండూ దొరికాయి. తెలుపు అలవాటుగా ఆడే పథకం మొదలే కాలేదు.

సి5 బంటును తెలుపు తినేస్తే ఏమవుతుందన్నది మొదటి సందేహం. తినవచ్చు, కానీ నిలుపుకోవడం కష్టం. నలుపు ఈ6 ఆడుతుంది. బి4 బంటుతో ఆ లాభాన్ని కాపాడబోతే ఏ5 అనే దెబ్బ పడుతుంది. సి3తో ఊతమిస్తే బంట్లు మారతాయి. ఆ వెంటనే నల్లమంత్రి ఎఫ్6కు దూకి ఎఫ్4 శకటునూ ఏ1 ఏనుగునూ ఒకేసారి గురిచూస్తుంది. రెంటిలో ఒకటి పోవాల్సిందే. సి1 నుంచి శకటు వెళ్లిపోవడం వల్ల పెద్ద కర్ణం ఎంత బోసిపోయిందో ఇక్కడా తెలుస్తుంది.

కింగ్స్ ఇండియన్ పద్ధతిలో జి6, డి6, ఈ5 ఆడటం మేలనేవారి వాదనలోనూ బలముంది. ఈ5 బంటు పడితే ఎఫ్4 శకటు మళ్లీ కదలాలి. డి3 శకటు జి6 గోడకు తగిలి మొద్దుబారుతుంది. సరిగ్గా సాగితే ఇది నిజంగా మంచి జవాబే. కానీ ఈ మార్గంలో తొలి ఎత్తుల ఒత్తిడి తెలుపు మీద లేదు. నలుపు జి6 చూపించగానే తెలుపు సి3లో బంటుకు బదులు గుర్రాన్ని పెట్టి ఈ4కు సిద్ధమవుతుంది. మంత్రిని డి2కు తెచ్చి, శకటుతో హెచ్6 దగ్గర మార్పిడి చేసుకుని, హెచ్ బంటును రాజు మీదికి తోస్తుంది. కింగ్స్ ఇండియన్ జీవితాంతం ఆడేవారికి ఇదేమీ కొత్త కాదు. లండన్ కోసమే దాన్ని నేర్చుకోబోయేవారు మాత్రం ఒక బరువు దించుకోబోయి ఇంకో బరువు ఎత్తుకున్నట్టే.

ఏ సాహసమూ లేకుండా ఈ6 ఆడి, శకటును డి6కు తెచ్చి, మార్పిడి చేసుకుంటే ఆట సమానమే కదా అన్నది ఇంకో వాదన. కంప్యూటర్ ఇంజిన్లు కూడా అవునంటాయి. కానీ ఇంజిన్ చూపించే సున్నా ఇద్దరు మనుషుల మధ్య సున్నాగా ఉండదు. లండన్ ఆడే మనిషి అలాంటి స్థితిని వందల ఆటల్లో చూసి ఉంటాడు. ఈ5లోకి గుర్రం ఎప్పుడు దూకాలో, ఎఫ్4 బంటుతో దానికి ఎప్పుడు ఊతమివ్వాలో అతనికి అలవాటైన పని. నలుపుకు అవన్నీ అప్పటికప్పుడు వెతుక్కోవాల్సిన సమాధానాలు. తెలుపును అద్దంలోలా అనుకరిస్తూ శకటును ఎఫ్5కు తేవడం ఇంకా ప్రమాదకరం. తెలుపు వెంటనే సి4 ఆడి, మంత్రిని బి3లో పెడితే ఈసారి ఒంటరిగా మిగిలేది నలుపు బి7 బంటు. ఆ బీట ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు, దాన్ని ముందుగా తాకినవారికే లాభం.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం తెలుపు సరిదిద్దుకున్న ఎత్తుల క్రమం. నేటి లండన్ ఆటగాళ్లు సి3 ఆడే ముందే గుర్రాన్ని బి1 నుంచి డి2కు తెస్తారు. అప్పుడు నల్లమంత్రి బి6కు వస్తే తెలుపు సి5 బంటును తిని, బి2ను వదిలేసి, ఏనుగును బి1కు తెచ్చి మంత్రిని తరుముతుంది. దీని ముందు సి5 పథకం నిలవదని కొందరి వాదన. నిజానికి ఇక్కడ మారాల్సింది బి6 మంత్రి ఒక్కటే. బి1లో గుర్రం ఉన్నంతసేపే ఆ దాడికి పదును. అది కదిలాక ఈ6, శకటు డి6 వైపు మళ్లాలి. అయినా సి5 బంటు అక్కడే నిలిచి డి4ను నొక్కుతూనే ఉంటుంది. పైగా తెలుపు ఈ క్రమం తెలుసుకోవాల్సి వచ్చిందంటే, ఏమాడినా ఒకటే అన్న సౌకర్యం సి5 ముందు చెల్లలేదనే అర్థం.

అదే నిజమైతే 2023లో అస్తానాలో జరిగిన ఆ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో నెపోమ్నియాషీ ఎందుకు ఓడాడని అడగవచ్చు. ఆరో ఆటలో డింగ్ లిరెన్ లండన్ ఆడితే అతను మూడో ఎత్తులోనే సి5 అన్నాడు. కానీ అయిదో ఎత్తులో ఆ బంటును డి4 దగ్గర మార్చేసుకున్నాడు. తెలుపు ఈ3 బంటుతో తిరిగి తినగానే ఈ-ఫైలు ఏనుగుకు తెరుచుకుంది. పన్నెండో ఎత్తుకు డింగ్ గుర్రం ఈ5కు చేరింది, 44 ఎత్తుల్లో ఆట ముగిసింది. ఆ మార్పిడి తప్పుడు ఎత్తు కాదు. గొప్ప ఆటగాళ్లు ఆడేదే, ఓటమికి తర్వాతి పొరపాట్లూ కారణమే. అయినా సి5 బలమంతా అది మోసే ఒత్తిడిలోనే ఉంది. తొందరపడి మార్చుకుంటే లండన్ కోరుకునే గడులు దానికే అందుతాయి.

2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అదే డింగ్, మళ్లీ ఆరో ఆటలోనే, గుకేశ్ మీద లండన్ ప్రయోగించాడు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాడు కూడా సి5తోనే జవాబిచ్చాడు. అతనూ డి4 దగ్గర బంట్లు మార్చుకున్నాడు, కానీ మరుసటి ఎత్తులోనే గుర్రాన్ని హెచ్5కు దూకించి ఎఫ్4 శకటును వెంటాడాడు. అలా తెలుపు చేతికి అలవాటైన స్థితిని అందకుండా చేశాడు. తర్వాత ఒక దశలో ఎత్తులు పునరావృతం చేసి డ్రా తీసుకునే దారి ఉన్నా దాన్ని కాదని పోరాడాడు. 46 ఎత్తుల ఆట డ్రా అయింది. బంట్లు మార్చాలా వద్దా అన్నదానికంటే, మార్చిన వెంటనే ఎదుటివారిని కొత్త ప్రశ్నతో నిలదీశామా లేదా అన్నది ముఖ్యమని ఈ రెండు ఆటలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

కాబట్టి పిల్లలకు చెస్ నేర్పేవారు లండన్‌కు విరుగుడుగా ఇరవై ఎత్తుల పట్టికను వల్లె వేయించనక్కర్లేదు. మూడు విషయాలు చెబితే చాలు. మూడో ఎత్తు లోపే సి5 ఆడాలి. సి1 శకటు వెళ్లిపోయాక బి2 పరిస్థితి ఏమిటో ప్రతి ఎత్తుకూ చూడాలి. బి1లో గుర్రం ఉంటేనే మంత్రిని బి6కు పంపాలి. కారణం తెలిసిన పిల్లవాడు క్రమం మారినా తడబడడు. ఇదే చూపుతో రేపు మరో ఆరంభం వాడుకలోకి వచ్చినా, అది ఏ గడిని వదిలి వెళ్లిందో అడగడం నేర్చుకుంటాడు. ఆలోచన తప్పించుకోవడానికి పుట్టిన పద్ధతికి ఆలోచింపజేయడమే సరైన జవాబు. నల్లపావుల చేతిలో అందుకు కావలసిన బంటు మొదటి నుంచీ ఉంది.