గరగర అణిగితేనే ఎక్స్‌రే చిక్కేది

కడప ఆకాశవాణి వార్తలు వస్తుండగా పక్క బావి దగ్గర మోటారు వేస్తే ఏమవుతుందో కర్నూలు జిల్లా రైతుకు తెలుసు. గరగర తప్ప మాట వినబడదు. ఎక్స్‌రేలను పట్టే పరికరాలదీ ఇదే తంటా.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో అటువంటి పరికరం ఒకటి అమర్చారు. అందులో కాడ్మియం, జింకు, టెల్లూరియం కలిసిన పలకలు 64. పొలానికి మడులు కట్టినట్లు పలకకు 256 గడులు. మొత్తం 16,384. ఆసుపత్రి ఎక్స్‌రే పాటి శక్తి గల కిరణం ఒక గడిలో పడితే కదిలే ఎలక్ట్రాన్లు సుమారు 13 వేలు. వినడానికి పెద్ద లెక్కే గానీ, కరెంటు లెక్కలో అది చీమ అడుగు చప్పుడు.

ఆ కాస్త సంకేతాన్ని తీగ మీద దూరం పంపితే దారిలోనే గరగరలో కలిసిపోతుంది. అందుకే పలక వెనుకనే చిప్పులు అతికించి, గడికొక యాంప్లిఫయర్ పెట్టారు. వేడెక్కితే కిరణం పడకున్నా కరెంటు కారుతుంది, కనుక పలకలను చల్లగా ఉంచాలి. ఆపైన జల్లెడ: ఒక హద్దుకు తక్కువైన సంకేతాన్ని లెక్కలోకి రానివ్వరు. జల్లెడ కన్ను పెద్దదైతే గింజలు జారిపోతాయి, చిన్నదైతే మట్టి మిగులుతుంది. అసలు కష్టం ఇక్కడే. ఊరకే మోగే గడులనైతే నేల మీద నుంచి ఆజ్ఞ పంపి ఆపేశారు.

పరికరం పని మొదలెట్టిన 2015 అక్టోబరు 6 నాడే సుదూర ఆకాశంలోని ఒక గామా కిరణాల పేలుడు దానికి చిక్కింది.