విమానం వేగానికి ఎర్ర గీత ఎందుకు?

మన పల్నాడు జిల్లాలోనే, నాగార్జునసాగర్ కుడిగట్టున విజయపురి సౌత్‌లో, చిన్న విమానాలు దిగే రన్‌వే ఒకటి ఉంది. సెస్నా 152 అనే రెండు సీట్ల విమానాలతో అక్కడ పైలట్లకు శిక్షణ ఇచ్చారు. ఆ విమానంలో పైలట్ ఎదురుగా వేగం చూపించే గుండ్రటి మీటరు ఉంటుంది. మోటారు సైకిల్ మీటరు లాంటిదే గాని, దాని అంచున రంగులు వేసి ఉంటాయి. తెలుపు, ఆకుపచ్చ, పసుపు, చివర 149 దగ్గర ఒక ఎర్ర గీత. ఎంత తొందర ఉన్నా ఆ గీత దాటకూడదు.

149 అంటే 149 నాట్లు. (మిరప నాట్లు కావు లెండి!) ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. కాబట్టి ఎర్ర గీత గంటకు 276 కి.మీ. దగ్గర ఉందన్నమాట. తెలుపు రంగు రెక్కల వెనుక ఉండే ఫ్లాపులు దించి నడపగల వేగం. దాని హద్దు 85 నాట్లు. ఆకుపచ్చ మామూలు వేగం, 111 వరకు. అక్కడి నుండి పసుపు. గాలి నిలకడగా ఉన్నప్పుడే పసుపులోకి వెళ్ళాలి, కుదుపులుంటే రెక్కల మీద బరువు ఎక్కువ పడుతుంది.

మరి ఎర్ర గీత సంగతేమిటి? ఇంజనుకు శక్తి చాలదని పెట్టిన హద్దు కాదది. ముక్కు కిందికి వంచితే ఈ చిన్న విమానం కూడా తేలిగ్గా 149 దాటిపోతుంది. భయమంతా విమానం నిర్మాణం గురించి. అందులో ముఖ్యమైనది ఫ్లటర్ అనే ప్రమాదం.

దీన్ని అర్థం చేసుకోవడానికి పేట వాళ్ళకు దూరం వెళ్ళనక్కరలేదు. ముందు చక్రాల దగ్గర కింగ్‌పిన్ అరిగిన పాత లారీ ఎలా ఉంటుందో డ్రైవర్లను అడగండి. ఒక వేగం వరకు బండి బాగానే నడుస్తుంది. ఆ వేగం దాటితే చక్రాలు వణికి, స్టీరింగ్ దానంతటదే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. రోడ్డు నున్నగా ఉన్నా కొట్టుకుంటుంది. వేగం తగ్గిస్తే ఆగుతుంది. కదిలించడానికి ఏ గుంటా అవసరం లేదు, బండి వేగమే ఆ వణుకుకు బలం ఇస్తోంది.

విమానంలో ఆ పని గాలి చేస్తుంది. రెక్క చివర ఎయిలరాన్ అనే పలక తలుపు లాగా బందుల మీద తిరుగుతుంది. విమానాన్ని పక్కకు వంచడానికి దాన్ని పైకీ కిందికీ ఆడిస్తారు. దాని బరువు ఎక్కువ భాగం బందుకు వెనక ఉందనుకుందాం. ఏదో కారణంగా రెక్క కాస్త పైకి లేచింది. బరువు వల్ల పలక వెనకబడి కిందికి వాలుతుంది. పలక కిందికి వాలితే గాలి రెక్కను ఇంకా పైకి నెడుతుంది. రెక్కకున్న బిగువు దాన్ని తిరిగి కిందికి లాగుతుంది. ఇప్పుడు పలక పైకి లేస్తుంది, గాలి రెక్కను ఇంకా కిందికి తోస్తుంది. ఉయ్యాల ఊగేవాడిని సరిగ్గా సమయం చూసి నెడుతున్నట్టే! తక్కువ వేగంలో గాలే ఈ ఊపును అణచివేస్తుంది. ఒక వేగం దాటితే అణచే బలం కంటే పెంచే బలం ఎక్కువవుతుంది. అప్పుడు ఒకటి రెండు సెకన్లలోనే రెక్క గాని తోక గాని విరిగిపోవచ్చు. పైలట్‌కు ఆలోచించే వ్యవధి దొరకదు. వణుకు తెలిసిన వెంటనే ఇంజను తగ్గించి, మెల్లగా ముక్కు ఎత్తి, వేగం తగ్గించుకోవాలి.

దీనికి మందు చూస్తే నవ్వు వస్తుంది: బందుకు ముందు వైపున సీసం లాంటి బరువు బిగించడం. బరువు సమానమైతే పలక వెనకబడదు. అందుకే ఎయిలరాన్‌కు మళ్ళీ రంగు వేస్తే దాని తూకం సరిచూసి తీరాలి. పాత రంగు మీద కొత్త రంగు పూత కూడా బరువే కదా!

ఎర్ర గీతను ఊరికే గీయరు. విమానాన్ని తయారు చేసినవారు మెల్లమెల్లగా వేగం పెంచుతూ, అంతకంటే ఎక్కువ వేగంలో దించి చూసి, ఆ వేగంలో 90 శాతానికి మించకుండా గీత పెడతారు. మన తేజస్ యుద్ధ విమానం 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరాక, దాని వేగాన్ని కూడా ఇలా మెట్టు మెట్టుగానే పెంచారు. ఇంకో చిక్కు ఉంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి మీటరు తక్కువ చూపిస్తుంది. పదివేల అడుగుల ఎత్తులో మీటరు 149 చూపితే అసలు వేగం 173 నాట్ల దాకా ఉంటుంది. ఫ్లటర్ ఈ అసలు వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే గ్లైడర్లలో ఎత్తును బట్టి హద్దు తగ్గించే పట్టిక అతికిస్తారు.

అయితే ఆ గీత కొత్త విమానానికి గీసినది. కీళ్ళు వదులైతే ఫ్లటర్ గీతకు ఇవతలే రావచ్చు. 2011 సెప్టెంబర్ 16న అమెరికాలోని రెనోలో విమాన పందెం జరుగుతోంది. బాగా మార్పులు చేసిన పాత పి-51 యుద్ధ విమానం ఒకటి గంటకు సుమారు 800 కి.మీ. వేగంతో వెళ్తోంది. దాని తోకకున్న ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న పలకలో ఫ్లటర్ వచ్చింది. విమానం అదుపు తప్పి జనం దగ్గర కూలింది. పైలట్‌తో పాటు చూడ్డానికి వచ్చిన 10 మంది చనిపోయారు. విచారణలో తేలింది ఏమంటే, ఆ పలకను పట్టి ఉంచే స్క్రూలు వదులయ్యాయి. వాటి నట్లలో పట్టు ఇచ్చే భాగం అరిగిపోయింది.

మన హాస్టల్లో పైలట్ అవుతానని చెప్పేవాళ్ళు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురుంటారు. ఆ నట్టు చూసే ఉద్యోగం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నా ఉద్దేశంలో అది పైలట్ ఉద్యోగం కంటే చిన్నదేమీ కాదు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవారు విమాన మరమ్మతుల ఇంజనీరు కోర్సులో చేరి, పరీక్షలు రాసి, కేంద్ర పౌర విమానయాన సంస్థ డీజీసీఏ దగ్గర లైసెన్సు తీసుకోవచ్చు. వారు సంతకం పెట్టకుండా విమానం లేవదు.

పైలట్ కూడా ఎక్కే ముందు విమానం చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఎయిలరాన్‌ను చేత్తో పైకీ కిందికీ కదిలించి చూస్తాడు. తోక దగ్గరకు వెళ్ళి ట్రిమ్ ట్యాబ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని, వదులుగా ఆడుతోందేమోనని నెమ్మదిగా కదిపి చూస్తాడు.