తల్లిదండ్రుల కంప్యూటర్‌ అక్షరాస్యత : ఇంటి నుండే ఆరంభం కావాలి

పల్నాడు జిల్లా నరసరావుపేట రెవెన్యూ డివిజనులోని శావల్యాపురం వ్యవసాయాధారిత మండలం. ఇక్కడి రైతు తన భూమి వివరాలు చూసుకోవాలన్నా, పి.ఎం. కిసాన్‌ సాయం కొరకు ఇ-కెవైసి పూర్తి చేసుకోవాలన్నా, విశ్రాంత ఉద్యోగి ఏటా జీవన ప్రమాణ పత్రం సమర్పించాలన్నా నేడు కంప్యూటర్‌ గాని, స్మార్ట్‌ఫోన్‌ గాని ఆధారమైంది. 2015లో మీభూమి వెబ్‌సైట్‌ ప్రారంభమైన నాటి నుండి 1-బి, అడంగల్‌ వివరాలను ఇంటి వద్దనే చూసుకునే సౌలభ్యం కలిగింది. అయితే ఈ సౌలభ్యం దానిని వినియోగించడం తెలిసినవారికే దక్కుతున్నది. తెలియని పెద్దలు తమ ఆధార్‌ సంఖ్యను, ఫోనును మరొకరి చేతికి అందించి, పని పూర్తయ్యే వరకు ప్రక్కన నిలబడవలసి వస్తున్నది.

రాష్ట్రంలో పౌరసేవల తీరును పరిశీలిస్తే ఈ సమస్య మూలం అవగతమవుతుంది. 2001లో ఈ-సేవ కేంద్రాలు, 2011 నవంబరులో మీ-సేవ, 2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయాలు ప్రజలకు సేవలను క్రమంగా చేరువ చేశాయి. ఈ మూడింటిలోను పౌరునికి, యంత్రానికి మధ్య ఒక ఉద్యోగి ఉన్నాడు. దరఖాస్తుదారు నోటితో చెబితే చాలు, మీటలు నొక్కేది ఆ ఉద్యోగి. 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌ ద్వారా ప్రారంభమైన ‘మన మిత్ర’లో ఆ మధ్య మనిషి లేడు. సేవ నేరుగా అరచేతిలోకి వచ్చింది గనుక నేర్చుకోవలసిన భారం కూడా పౌరునిపైనే పడింది.

ఈ భారాన్ని తగ్గించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్‌ సాక్షరతా అభియాన్‌ను చేపట్టిన విషయం విదితమే. ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాలలో కుటుంబానికి ఒకరి చొప్పున 20 గంటల శిక్షణ ఇవ్వడం దీని లక్ష్యం. 2024 మార్చి 31న పథకం ముగిసేనాటికి సుమారు 6.39 కోట్ల మంది శిక్షణ పొందారు. ఇది గణనీయమైన విజయమే. కాని శిక్షణకు అర్హత వయస్సు 14 నుండి 60 సంవత్సరాలుగా నిర్ణయించబడింది. పింఛనుదారులు, వయోవృద్ధులైన రైతులు ఈ పరిధిలోకి రాలేదు. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో 15-29 ఏళ్ల వయస్సు వారిలోనే కంప్యూటర్‌ వాడగలిగినవారు నూటికి 24 మంది. అరవై దాటినవారి స్థితి వేరుగా చెప్పనవసరం లేదు.

కేరళ అనుభవం ఇక్కడ గమనార్హం. ఆ రాష్ట్రం 2002లో మలప్పురం జిల్లాలో ‘అక్షయ’ను ప్రారంభించినప్పుడు ఇంటికి ఒకరిని కంప్యూటర్‌ అక్షరాస్యులను చేయడమే ధ్యేయంగా పెట్టుకున్నది. రెండు దశాబ్దాల అనంతరం చేపట్టిన ‘డిజి కేరళ’లో స్వచ్ఛంద కార్యకర్తలు ఇళ్లకే వెళ్లి వృద్ధులకు సైతం స్మార్ట్‌ఫోన్‌ వాడకం నేర్పారు. 2025 ఆగస్టు 21న కేరళ సంపూర్ణ డిజిటల్‌ అక్షరాస్యత సాధించిన రాష్ట్రంగా ప్రకటించబడింది. పెద్దలు శిక్షణ కేంద్రానికి రావడం కన్నా శిక్షణే పెద్దల వద్దకు వెళ్లడం ఫలవంతమని దీని సారాంశం. ఆ పనిని అందరికన్నా ముందు చేయగలిగినవారు ఇంట్లోని పిల్లలే.

అయితే చదువుకున్న సంతానం నేర్పే పద్ధతిలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. తండ్రి మౌస్‌ పట్టుకుని తడబడగానే “ఇటివ్వు నాన్నా, నేను చేస్తా” అని కుమారుడు దానిని అందుకుంటాడు. పని నిమిషంలో పూర్తవుతుంది, నేర్చుకోవడం మాత్రం అక్కడే ఆగిపోతుంది. పాఠం ఎంత ఆలస్యమైనా పరికరం నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. నేర్పేవారు మాటతోనే దారి చూపాలి.

తొలి అవరోధం జ్ఞానం కాదు, చేతి అలవాటు. పార పట్టిన చేతికి మౌస్‌ మీటను రెండుసార్లు వెంటవెంటనే నొక్కడం కష్టం. కంట్రోల్‌ ప్యానెల్‌లో ఆ వేగాన్ని తగ్గించుకోవచ్చు. కంట్రోల్‌ మీటతో పాటు ప్లస్‌ గుర్తు నొక్కితే వెబ్‌పేజీలోని అక్షరాలు పెద్దవవుతాయి. 1990లో విండోస్‌ 3.0తో వచ్చిన పేకముక్కల ఆట మౌస్‌తో లాగి వదలడాన్ని ఎందరికో అలవాటు చేసింది. ఈ ఒక్క సందర్భంలో పేకాటను తప్పు పట్టనవసరం లేదు!

పాఠ్యాంశం కూడా వారి అవసరం నుండే రావాలి. కంప్యూటర్‌ భాగాల పేర్లతో మొదలుపెడితే రెండవ రోజుకే ఆసక్తి సన్నగిల్లుతుంది. తమ పొలం సర్వే నంబరు తెరపై కనిపించినప్పుడు, గుంటూరు-గుంతకల్లు మార్గంలోని శావల్యాపురం స్టేషనుకు వచ్చే రైలు వేళ తామే చూసుకున్నప్పుడు కలిగే ఉత్సాహం వేరు. ఒక నోటు పుస్తకంలో ప్రతి పనినీ వరుసగా, తెలుగులో, వారి చేతనే రాయించడం మేలు. పండుగకు వచ్చిన పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో తిరిగి వెళ్లాక ఆ పుస్తకమే గురువు.

ఆంగ్లం రాకపోవడం అనర్హత కాదు. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో స్థానం లభించింది. ప్రభుత్వ ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్‌ కీబోర్డులో అచ్చులు ఎడమ వైపున, హల్లులు ప్రధానంగా కుడి వైపున ఉంటాయి. హల్లు నొక్కి ఆపై గుణింతపు గుర్తు నొక్కడం, ఒత్తు కావాలంటే మధ్యలో పొల్లు చేర్చడం దీని పద్ధతి. ‘శావల్యాపురం’ అనే పేరుకు పదకొండు గుర్తులు చాలు. అందులోని ‘ల్యా’ కొరకు ల, పొల్లు, య, దీర్ఘం వరుసగా వస్తాయి. పలకపై గుణింతాలు దిద్దినవారికి ఇది కొత్త విద్య కాదు. టైపు చేయలేనివారు ఫోనులో మాట్లాడి కూడా తెలుగులో రాయించుకోవచ్చు.

జీవన ప్రమాణ పత్రం విషయం ప్రత్యేకంగా పేర్కొనదగినది. 2014 నవంబరులో కేంద్రం ‘జీవన్‌ ప్రమాణ్‌’ను ప్రారంభించినప్పుడు అది వేలిముద్ర, కనుపాపలపై ఆధారపడింది. కాయకష్టంతోను, వయస్సుతోను వేలి గీతలు అరిగిపోయినవారికి ఇది ఇబ్బందికరమైంది. 2021 నవంబరు నుండి ముఖ గుర్తింపు అందుబాటులోకి వచ్చింది. ఆండ్రాయిడ్‌ ఫోను ఉంటే ఇంటి నుండే పత్రం సమర్పించవచ్చు. ఒకసారి తల్లి చేతనే చేయిస్తే మరుసటి సంవత్సరం ఆమెకు ఎవరి ఎదురుచూపూ ఉండదు.

నేర్పవలసిన వాటిలో అతి ముఖ్యమైనది ఓ.టి.పి. సంగతి. బ్యాంకు సొమ్ముకు అది తాళంచెవి. ఇతరులపై ఆధారపడిన పెద్దలు అడిగినవారందరికీ ఆ సంఖ్యను చదివి వినిపించడానికి అలవాటు పడతారు. మోసగాళ్లకు కావలసినది ఈ అలవాటే. నమ్మకస్థుడైన పిల్లవానికి చెప్పినంత సులువుగా ఫోనులో అపరిచితునికీ చెప్పేస్తారు. కనుక కన్నబిడ్డలు కూడా ఓ.టి.పి.ని నోటితో అడగరాదు. దానిని చదివి, అక్కడే నమోదు చేసే పని తల్లిదండ్రుల చేతనే చేయించాలి. ‘డిజిటల్‌ అరెస్టు’ అనేది చట్టంలో లేదని, వీడియో కాల్‌లో పోలీసులు ఎవరినీ అరెస్టు చేయరని కూడా వారికి ముందే చెప్పి ఉంచాలి. సొమ్ము పోయినట్లు గుర్తించిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవాలి. ఎంత త్వరగా తెలియజేస్తే ఆ సొమ్మును బ్యాంకులో నిలుపుదల చేయించే అవకాశం అంత ఎక్కువ. ఈ నంబరును నోటు పుస్తకం మొదటి పుటలో పెద్ద అంకెలతో రాసి ఉంచడం అవసరం.