పైలాన్ అంటే అసలు గుమ్మమట!

ఊరి నుంచి వచ్చే తెలుగు పేపర్లో ‘పైలాన్ ఆవిష్కరణ’ అన్న వార్త మనం తరచూ చూస్తుంటాం. చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఉంది. ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురంలో పాదయాత్ర ముగిసిన గుర్తుగా కట్టిన పైలాన్ ఉంది. నాగార్జునసాగర్‌లో అయితే ఏకంగా పైలాన్ కాలనీయే ఉంది. మన లెక్కలో పైలాన్ అంటే ఎత్తైన స్తంభం, దానికో శిలాఫలకం, ఆ ఫలకం మీద పెద్దవాళ్ల పేర్లు.

మా చిన్నోడి ఇంగ్లీషు పుస్తకంలో మాత్రం పైలాన్ అంటే కరెంటు టవర్ అని రాసుంది. ఏది కరెక్టు నాన్నా అని అడిగాడు. వెతికి చూస్తే రెండూ కరెక్టే గానీ, మాట పుట్టినప్పుడు దాని అర్థం వేరు.

గ్రీకు భాషలో ‘పైలీ’ అంటే ద్వారం, ‘పైలాన్’ అంటే సింహద్వారం. డాక్టరు రిపోర్టులో ‘పైలోరస్’ అని కనబడితే అదీ ఈ ఇంటి పేరే. జీర్ణాశయం నుంచి పేగులోకి దారి వదిలే కాపలాదారు అన్నమాట.

ఈజిప్టు గుళ్ల ముందు రెండు పక్కలా ఏటవాలుగా లేచిన పెద్ద గోడలు, మధ్యలో వాకిలి ఉంటాయి. వాటిని గ్రీకులు పైలాన్ అన్నారు. మన గాలిగోపురం లాంటిదే అనుకోండి. కర్నాక్ గుడిలో ఇలాంటివి పది ఉన్నాయి. ఎడ్ఫూ గుడిది 36 మీటర్ల ఎత్తు. దాని మీద రాజు శత్రువుల జుట్టు పట్టుకుని కొట్టే బొమ్మలు చెక్కారు.

1922లో టుటన్‌ఖామున్ సమాధి బయటపడ్డాక బ్రిటన్‌లో ఈజిప్టు మోజు పెరిగింది. 1928లో అక్కడ కరెంటు లైన్లకు ఇనుప టవర్లు నిలబెట్టడం మొదలైంది. అవీ కింద వెడల్పు, పైన సన్నం. వాటికీ ఈ పేరే స్థిరపడింది. తర్వాత తీగల వంతెనల స్తంభాలకూ పాకింది. వర్లీ వైపు వెళ్లినప్పుడు సీ లింక్‌ను చూడండి. తీగలన్నీ పట్టుకుని నిలబడ్డ ఆ 128 మీటర్ల స్తంభమూ పైలానే.

తెలుగులోకి వచ్చేసరికి వాకిలి పోయింది, తీగలు పోయాయి, స్మారక స్తంభం మిగిలింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. మా మేనమామ అక్కడ రాళ్లు మోశాడు. సిమెంటు కాంక్రీటు డ్యాము కాదది, రాతి కట్టడం. ఒక్కో రాయీ మనుషుల చేతుల మీదుగా పైకెక్కింది. ఫలకం మీద మాత్రం మామ పేరు లేదు, ఆయనతో మోసినవాళ్ల పేర్లూ లేవు.

ఈజిప్టులోనూ అంతే, గోడల మీద రాజుల పేర్లే. కానీ అక్కడొక విశేషం జరిగింది. మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట, అంటే సుమారు 3,200 ఏళ్ల కిందట, రాజుల సమాధులు తొలిచే పనివాళ్లకు కూలిగా ఇచ్చే ధాన్యం ఆలస్యమైంది. ఆకలేస్తోందని పనిముట్లు పడేసి గుళ్ల దగ్గర బైఠాయించారు. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె అదేనంటారు. గుమాస్తా ఒకడు దాన్ని పపైరస్ మీద రాసిపెట్టబట్టే మనకు తెలిసింది. ఆ కాగితం ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది.

1982 సమ్మె చూసిన ఇళ్లు మనవి. ఆ రోజుల్లో ఎవరు ఏ మిల్లులో, ఏ ఖాతాలో, ఏ పాళీలో చేశారో చెప్పగలిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మిల్లులు పోయినచోట టవర్లు లేచాయి. వాటి గుమ్మాల మీద మన పేర్లు ఎవరూ చెక్కరు. మిల్లు పాసు, పీఎఫ్ చీటీ, పాత గ్రూప్ ఫొటో ఇంట్లో ఉంటే పారేయకండి. ఫొటో వెనకాల పేర్లు పెన్సిల్‌తోనైనా రాయండి. తాతనో అమ్మమ్మనో ఆదివారం కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. ఆ గుమాస్తా చేసింది కూడా ఇంతే.